రాత్రి బండిలో పసిబిడ్డకు చోటు

రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ



ఐదేళ్లు నిండని బిడ్డకు రైల్లో టికెట్ అక్కర్లేదు. టికెట్ లేదు కాబట్టి బెర్తూ ఉండదు. కావాలంటే పెద్దవాళ్ల చార్జీ మొత్తం కట్టి తీసుకోవచ్చు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. 2016 ఏప్రిల్ 21 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. అంతకుముందు హాఫ్ టికెట్ మీద కూడా పిల్లవాడికి బెర్తు దక్కేది. ఇప్పుడు హాఫ్ టికెట్‌లో బెర్తు నంబరు ఉండాల్సిన చోట ‘ఎన్‌ఓఎస్‌బీ’ అని ఉంటుంది. సీటూ లేదు, బెర్తూ లేదని దాని భావం.

పగటి ప్రయాణంలో ఈ ఏర్పాటు పెద్దగా ఇబ్బంది పెట్టదు. విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు శాతవాహనలో వచ్చే నాలుగేళ్ల పిల్లవాడు కాసేపు తల్లి ఒళ్లో, కాసేపు కిటికీ దగ్గర, కాసేపు ఎదుటివాళ్ల పల్లీల పొట్లం దగ్గర కాలక్షేపం చేసి దిగిపోతాడు. రాత్రి బండి సంగతి వేరు. విశాఖ నుంచి గోదావరి, కాకినాడ నుంచి గౌతమి, తిరుపతి నుంచి నారాయణాద్రి, ఇంకా నర్సాపురం బండి, మచిలీపట్నం బండి, అన్నీ తెలుగువాళ్లను నిద్రలోనే హైదరాబాద్ చేర్చేవి. వీటిలో ప్రయాణికుడు డబ్బిచ్చి కొనుక్కునేది ఆరడుగుల పొడవు, సుమారు రెండడుగుల వెడల్పు ఉన్న పక్క. సగం చార్జీ కట్టిన పదకొండేళ్ల పిల్ల తల్లితో కలిసి ఆ రెండడుగుల్లో సర్దుకోవడం నిబంధనల ప్రకారం సక్రమమే. ఆ సర్దుబాటు ఎలా కుదురుతుందో నిబంధన రాసినవారు ఒక్క రాత్రైనా ప్రయత్నించి చూసినట్టు లేదు.

సమాచార హక్కు చట్టం కింద రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ వెల్లడించిన లెక్కల ప్రకారం, 2016–17 నుంచి 2022–23 దాకా ఏడేళ్లలో ఈ మార్పు వల్ల రైల్వేకు 2,800 కోట్ల రూపాయలకు పైగా అదనపు ఆదాయం వచ్చింది. అదే కాలంలో 3.6 కోట్ల మందికి పైగా పిల్లలు బెర్తు లేకుండా సగం చార్జీతో వెళ్లారు. పూర్తి చార్జీ కట్టి బెర్తు తీసుకున్నవారు 10 కోట్ల పైమాటే. అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు పిల్లల విషయంలో ఇంట్లోవాళ్లు ఖర్చెక్కువైనా పిల్లలకు విడిగా పక్క ఉండాల్సిందే అనుకున్నారన్నమాట. డబ్బు తీసుకోవడాన్ని తప్పుపట్టనక్కర్లేదు. బెర్తు మీద పడుకున్నది ఎనిమిదేళ్లవాడైనా ఎనభై ఏళ్లవాడైనా బండికయ్యే ఖర్చు ఒకటే. అయితే ఆ రాబడికి బదులుగా రాత్రి బోగీలో పిల్లల కోసం ఏం మారిందని వెతికితే చెప్పుకోదగింది కనపడదు.

ఐదేళ్లలోపు పిల్లల పరిస్థితి ఇంకా చిత్రం. 2022 ఆగస్టులో ఏడాది బిడ్డకూ టికెట్ తప్పనిసరి చేశారన్న వార్త వ్యాపించినప్పుడు, కొత్త మార్పేమీ లేదని, బెర్తు కావాలనుకున్నవారే చార్జీ కట్టాలని రైల్వే శాఖ వివరణ ఇచ్చింది. అది మంచిదే. కానీ ఉచితంగా వెళ్లే బిడ్డ ఎక్కడ పడుకుంటాడన్నది అప్పుడూ ఎవరూ అడగలేదు. తల్లి పక్కన పడుకుంటాడు, ఇంకెక్కడ? అయితే ఆ తల్లికి ఏ బెర్తు వస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు నడుస్తున్న ఎల్‌హెచ్‌బీ స్లీపర్ బోగీలో 80 బెర్తులుంటాయి. ఎనిమిదేసి చొప్పున పది వరసలు. ఒక్కో వరసలో రెండు లోయర్లు, ఒక సైడ్ లోయర్; మొత్తం 30. పాత ఐసీఎఫ్ బోగీలో 72 బెర్తులకు 27. వీటిలో ఆరేడు లోయర్ బెర్తులు వయోవృద్ధులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు, గర్భిణులకు ప్రత్యేక కోటా. ఏసీ త్రీటైర్‌లో ఆ కోటా నాలుగైదు, టూటైర్‌లో మూడు నాలుగు. ఈ జాబితాలో గర్భిణి ఉంది, చంటిబిడ్డ తల్లి లేదు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు కింది బెర్తు అవసరమని గుర్తించిన నిబంధనకు, అదే బిడ్డ ఒళ్లోకి వచ్చాక ఆ అవసరం కనిపించడం మానేస్తుంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు లోయర్ దొరికిన అమ్మాయికి, మూడోనెల బిడ్డతో అత్తవారింటికి తిరిగొచ్చేటప్పుడు అప్పర్ దొరకడం మన బళ్లలో మామూలు విషయం.

బిడ్డ సంగతి రైల్వేకు తెలియక ఇలా జరుగుతోందని అనుకోవడానికీ లేదు. కౌంటర్లో ఇచ్చే రిజర్వేషన్ ఫారంలో పెద్దవాళ్ల పేర్ల కింద ఒక చిన్న గడి ఉంటుంది: టికెట్ అక్కర్లేని ఐదేళ్లలోపు పిల్లల పేరు, ఆడో మగో, వయసు. ఐఆర్‌సీటీసీలోనూ బెర్తు లేని పసిబిడ్డ వివరాలు నింపే వీలుంది. తల్లిదండ్రులు ఓపిగ్గా నింపుతారు. లోయర్ బెర్తు ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పే నిబంధనల్లో మాత్రం ఆ గడికి విలువ లేదు. 45 ఏళ్లు దాటిన మహిళకు ఆమె అడగకపోయినా, ఖాళీ ఉంటే కంప్యూటరు తనంతట తానే లోయర్ చూపిస్తుంది. ఆ పని చేయగల కంప్యూటరుకు రెండేళ్ల బిడ్డ వయసు చదవడం కష్టం కాదు. ‘ఒక్క లోయర్ బెర్తయినా దొరికితేనే బుక్ చెయ్యి’ అనే వెసులుబాటు ఐఆర్‌సీటీసీలో ఉన్నమాట నిజమే. లోయర్లు అయిపోయాక దాన్ని ఎంచుకున్నవారికి అసలు టికెట్టే రాదు. పండగ ముందు, పెళ్లిళ్ల రోజుల్లో ఆ పంతానికి పోగలిగేవాళ్లు తక్కువ.

అందుకే రాత్రి బండి కదలగానే ప్రతి బోగీలోనూ ఒక బేరం మొదలవుతుంది. “బాబాయ్ గారూ, చంటిపాపతో ఉన్నామండీ, మీరు పైబెర్తు తీసుకుంటారా?” అని బిడ్డ తండ్రి అడుగుతాడు. “ఇద్దును బాబూ, మోకాళ్లు సహకరించవు. ఆపరేషన్ అయి ఆర్నెల్లు కాలేదు” అని పెద్దాయన నొచ్చుకుంటాడు. ఇద్దరిదీ న్యాయమైన అవసరమే. టీటీఈ వచ్చి చార్టు చూసి, “మీలో మీరు సర్దుకోండమ్మా” అని ముందుకు సాగిపోతాడు. ఆయన చేతిలో ఉన్నదీ అంతే. చాలాసార్లు ఎవరో ఒక కుర్రాడు లేచి తన లోయర్ ఇచ్చేస్తాడు. మన బళ్లలో పిల్లల ప్రయాణం ఇన్నేళ్లుగా ఇలాంటి తోటి ప్రయాణికుల మంచితనం మీద నడుస్తోంది. ఆ మంచితనం గొప్పదే. కోట్ల మంది ఎక్కే సంస్థ దాన్నే తన ఏర్పాటుగా లెక్కేసుకోవడం గొప్ప కాదు.

లోయర్ దొరికిందనుకున్నా చిక్కులు తీరవు. నిబంధన ప్రకారం మిడిల్ బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే ఎత్తి ఉంచుకోవాలి. పది దాకా లోయర్ మీద ముగ్గురు కూర్చోవచ్చు. చంటిపిల్లలు ఎనిమిదింటికే తూగుతారు. కాస్త పెద్దపిల్లలది మరో వరస: కాకినాడలో ఎక్కినవాళ్లు రాజమండ్రి దాటి గోదావరి వంతెన వచ్చేదాకా కన్ను మూయరు, పిడికిట్లో రూపాయి బిళ్ల పట్టుకుని కిటికీకి అతుక్కుపోతారు. అదే కిటికీ దగ్గర పెద్దలు కనిపెట్టి ఉండాల్సిన సంగతొకటుంది. స్లీపర్ బోగీ కిటికీకి అద్దం పలక ఒకటి, రేకు పలక ఒకటి. పైకెత్తి గొళ్లెంలో నిలబెట్టాలి. గొళ్లెం అరిగిపోయి ఉంటే బండి కుదుపుకు పలక దబ్బున జారుతుంది, కింద చట్రం మీద పిల్లల వేళ్లుంటాయి. పలక పైకెత్తాక రెండుసార్లు కిందికి లాగి చూసి మరీ పిల్లల్ని కూర్చోబెట్టడం మంచిది.

మిడిల్ బెర్తు ఎత్తి తగిలించాక చూడాల్సింది గొలుసు. బెర్తును మోసే కొక్కెం దాని గుంటలో పూర్తిగా కూర్చుందో లేదో పైకి కనిపించదు, చేత్తో ఊపి చూడాల్సిందే. 2024 జూన్‌లో ఎర్నాకుళం నుంచి నిజాముద్దీన్ వెళ్తున్న మిలీనియం ఎక్స్‌ప్రెస్ తెలంగాణలో ఉండగా, పైబెర్తు మీద పడి కింద పడుకున్న కేరళ ప్రయాణికుడొకరు గాయపడి తర్వాత మరణించారు. బెర్తు పాడవలేదని, గొలుసు సరిగా తగిలించకపోవడం వల్ల అలా జరిగిందని రైల్వే అప్పట్లో వివరణ ఇచ్చింది. వివరణ నిజమే కావచ్చు. అలాంటప్పుడు గొలుసు తగిలిందో లేదో ప్రయాణికుడికి తెలిసేలా ఒక రంగు గుర్తు, పక్కనే తెలుగులో ఒక వాక్యం రాసి పెట్టడం రైల్వే బాధ్యత అవుతుంది. మిడిల్ కింద పడుకునేది పెద్దవాళ్లే కాదు.

పూర్తి చార్జీ కట్టిన ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి కంప్యూటరు అప్పర్ బెర్తు కేటాయించినా కేటాయించవచ్చు. పెద్దలు తాము పైకెక్కి పిల్లల్ని కిందికి తెచ్చుకుంటారు. అది కుదరనప్పుడు పిల్లవాణ్ని గోడవైపు జరిపి, అంచు వెంట బ్యాగులు పేర్చి, దుప్పటిని పరుపు కిందికి మడిచి ఒత్తుతారు. నిద్రలో దొర్లే పిల్లవాణ్ని ఇవి కాసేపే ఆపుతాయి. బెర్తు అంచుకు తగిలించే జానెడు ఎత్తు వల, అవసరమైనవారు అడిగి తీసుకుని దిగేటప్పుడు తిరిగిచ్చేది, దుప్పట్లు పంచే సిబ్బంది దగ్గరే ఉంచవచ్చు.

చంటిబిడ్డల విషయంలో జనం తమ దారి తాము ఎప్పుడో వెతుక్కున్నారు. ఎదురెదురుగా ఉన్న రెండు పైబెర్తుల గొలుసులకో కడ్డీలకో పాత నేతచీర రెండు కొసలూ ముడేస్తారు. మధ్యలో దిగిన మడతలో పల్చటి బొంత పరిచి బిడ్డను పడుకోబెడతారు. తల్లి లోయర్ మీద ఒత్తిగిలి ఒక చెయ్యి చీర అంచు మీద వేసి ఉంచుతుంది. బండి ఊపే తప్ప వేరే ఊపు అక్కర్లేదు. ఇంట్లో నిద్రపోని బిడ్డ కూడా ఈ ఉయ్యాలలో రెండు స్టేషన్లు దాటకముందే నిద్రపోతాడు. పరుపు మీద తల్లి కింద నలిగే భయం లేదు, దొర్లిపడే భయం లేదు. ప్రమాదమంతా ముడిలో, చీకట్లో ఉంది. నైలాను చీర ముడి బరువుకు జారుతుంది. అర్ధరాత్రి పైనుంచి దిగేవాడి కాలు ఉయ్యాలకు తగులుతుంది. లోకోపైలట్ గట్టిగా బ్రేకు వేస్తే ఉయ్యాల వెళ్లి ఎదుటి బెర్తు అంచుకు కొట్టుకుంటుంది. ఈ అలవాటును తప్పని చెప్పడం తేలిక. దాని బదులు బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలో చెప్పగలిగినప్పుడే ఆ మాటకు విలువ.

ఆ జవాబు రైల్వే చేతిలోనే ఒకసారి తయారైంది. 2022 మే నెలలో మాతృ దినోత్సవం సందర్భంగా ఉత్తర రైల్వే వారు లక్నో మెయిల్ ఏసీ త్రీటైర్ బోగీ ఒకదానిలో 12, 60 నంబర్ల లోయర్ బెర్తులకు ‘బేబీ బెర్తు’ అమర్చారు. పొడవు 770 మిల్లీమీటర్లు, వెడల్పు 255 మిల్లీమీటర్లు. అక్కర్లేనప్పుడు లోయర్ కిందికి మడిచి పెట్టుకోవచ్చు. విప్పితే తల్లి బెర్తుకు ఆనుకుని బిడ్డకో చిన్న అరుగులా వస్తుంది. పడిపోకుండా అడ్డుపట్టీ, కట్టి ఉంచే పట్టీలు ఉన్నాయి. దేశమంతా ఆ ఫొటోలు చూసి సంతోషించింది. లోపాలూ బయటపడ్డాయి. నడిచే దారివైపు తెరిచి ఉన్నందువల్ల పైనుంచి సీసానో ఫోనో జారితే బిడ్డ మీదే పడుతుందన్నారు. తర్వాత ఎత్తయిన అడ్డుతో సవరించిన నమూనా తయారైంది. బెర్తు కింద సామాను చోటు, ఎదురెదురు బెర్తుల మధ్య జాగా తగ్గుతున్నాయన్న అభ్యంతరాలు కూడా వచ్చాయని రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు.

ఆ అభ్యంతరాలు వాస్తవమే కానీ, వాటిని చూసి ఆలోచన మొత్తాన్ని పక్కన పెట్టడం సబబు కాదు. బోగీలో ప్రతి లోయర్‌కూ బేబీ బెర్తు ఎవరూ అడగడం లేదు. తలుపులకు, మరుగుదొడ్లకు మరీ దగ్గర కాని ఒక వరసలో ఎదురెదురు లోయర్లు రెండింటికి అమర్చి, వాటిని చంటిబిడ్డల కుటుంబాలకే కేటాయిస్తే సామాను తగాదా వాళ్లలో వాళ్లకే తేలిపోతుంది. ఎదుటివాళ్లకూ బిడ్డే ఉంటే రాత్రి రెండింటికి ఏడుపు వినిపించినా విసుక్కునేవాళ్లు ఉండరు. దక్షిణ మధ్య రైల్వేలో ప్రయోగానికి గౌతమి, నారాయణాద్రి సరిగ్గా సరిపోతాయి. ఒకటి పండగకు పుట్టిళ్లకు వెళ్లేవారి బండి. రెండోది పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు బయల్దేరే పసివాళ్ల బండి.

పాలివ్వడానికి మరుగు లేకపోవడం రాత్రి బండిలో మరో ఇబ్బంది. ఒకప్పుడు ఏసీ త్రీటైర్‌లో కర్టెన్లుండేవి. 2013 డిసెంబర్ 28 తెల్లవారుజామున అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ త్రీటైర్ బోగీలో మంటలు చెలరేగి 26 మంది మరణించారు. మంటలకు ఊతమిస్తాయని ఆ తర్వాత త్రీటైర్‌లో కర్టెన్లు తీసేశారు. ఆ నిర్ణయం సరైనదే. స్లీపర్‌లో అవి ఏనాడూ లేవు. మిగిలింది పైటచెంగు, చున్నీ, గోడవైపు తిరిగి కూర్చోవడం. నిప్పంటుకోని బట్టతో మీటరు వెడల్పు తెర ఒక్క వరసకు, పైన చెప్పిన ఆ కుటుంబాల వరసకే, వేస్తే చాలు.

డబ్బా పాలు తాగే బిడ్డకు కావాల్సింది వేడినీళ్లు. 2016 ఫిబ్రవరి రైల్వే బడ్జెట్‌లో అప్పటి మంత్రి సురేష్ ప్రభు స్టేషన్లలో పిల్లల ఆహారం, వేడిపాలు, వేడినీళ్లు, రైలు మరుగుదొడ్లలో బిడ్డ బట్టలు మార్చే పలకలు వస్తాయన్నారు. అదే ఏడాది జూన్‌లో ‘జననీ సేవ’ పేరుతో 25 స్టేషన్లలో పని మొదలైంది. ఇవాళ రాత్రి బండిలో వెళ్లే తల్లి దాన్ని నమ్ముకుని బయల్దేరదు. ఇంటి నుంచి ఫ్లాస్కు నింపుకునే బయల్దేరుతుంది. ఫోన్ చార్జింగ్ పాయింటుకు కెటిల్ తగిలించడం నిషేధం, ప్రమాదం కూడా. ఆ నిషేధాన్ని పాటించమని అడిగే హక్కు నిండుగా ఉండాలంటే, బోగీలోనో ప్యాంట్రీలోనో అర్ధరాత్రి ఒక గ్లాసు వేడినీళ్లు అడిగితే ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ప్యాంట్రీ లేని బళ్లకు విజయవాడ, వరంగల్ వంటి స్టేషన్లలో కిటికీ దగ్గరికి వేడినీళ్లు తెచ్చిచ్చే మనిషి ఉన్నా సరిపోతుంది.

మరుగుదొడ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మేలు. ఒక్క విషయం మాత్రం ప్రయాణికులు కూడా తెలుసుకోవాలి. ఇప్పటి బోగీలకు కింద బయోటాయిలెట్ ట్యాంకులున్నాయి. వాటిలోని బాక్టీరియా మలాన్ని కుళ్లబెట్టి నీరుగా, వాయువుగా మారుస్తుంది. డైపర్‌ను అది ఏమీ చేయలేదు. ఒక్క డైపర్ గొట్టంలో ఇరుక్కుంటే ఆ మరుగుదొడ్డి గమ్యం చేరేదాకా పనికిరాదు. తల్లులను తప్పుపట్టే ముందు, లోపల మడత పలక ఒకటి, మూత ఉన్న చెత్తబుట్ట ఒకటి పెట్టాలి. ఇప్పుడు డైపర్ మార్చేది బెర్తు మీదే, నలుగురి మధ్య, ఫోన్ టార్చి వెలుగులో.

దిగడం దగ్గర పిల్లలున్నవారికి సమయమే చాలదు. ఖమ్మం, మహబూబాబాద్ వంటి స్టేషన్లలో రాత్రి బళ్లు ఒకటి రెండు నిమిషాలే ఆగుతాయి. భుజం మీద నిద్రపోతున్న పిల్ల, చేతిలో రెండు బ్యాగులు, దారిలో అడ్డంగా చెప్పులు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకుంటే స్టేషన్‌కు దాదాపు ఇరవై నిమిషాల ముందు ఫోన్ వస్తుంది; ఈ సదుపాయం గురించి తెలిసినవారు తక్కువ. పిల్లవాడు తప్పిపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా పిలవాల్సింది అదే 139. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది. ఈ రెండు నంబర్లూ తెలుగులో, తలుపు దగ్గర, పిల్లల ఎత్తులో రాసి ఉంచడానికి పెయింటు ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.

పైన చెప్పినవాటిలో బేబీ బెర్తుకు కర్మాగారం కావాలి, వేడినీళ్లకు కాంట్రాక్టు కావాలి, మరుగుదొడ్డి పలకకు టెండరు కావాలి. వీటన్నిటికీ నెలలు పడతాయని ప్రయాణికులకు తెలుసు. రిజర్వేషన్ ఫారంలోని ఆ చిన్న గడిని లెక్కలోకి తీసుకోవడానికి మాత్రం ఒక ఆదేశం చాలు: పీఎన్ఆర్‌లో ఐదేళ్లలోపు బిడ్డ వివరం ఉంటే, తోడున్న పెద్దల్లో ఒకరికి, గర్భిణికి ఇచ్చినట్టే, లోయర్ బెర్తు కోటా వర్తించాలి. తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. అరవై రోజుల ముందస్తు రిజర్వేషన్ లెక్కన ఆ టికెట్లు ఫిబ్రవరి చివరికే కౌంటర్లోకి వస్తాయి. ఆ తేదీకి ముందే బోర్డు ఈ ఒక్క ఆదేశం జారీ చేయాలని విజ్ఞప్తి.